విద్యుత్ కారా, పెట్రోలు కారా: పెట్టిన డబ్బు తిరిగి వచ్చేది ఎవరికి?

విద్యుత్ కారు కొనాలా, పెట్రోలు కారే నయమా అని ఎవరైనా సలహా అడిగితే నేను ముందుగా కారు సంగతి ఎత్తను. రాత్రిపూట కారు ఎక్కడ నిలుపుతారు, అక్కడ ప్లగ్గు పెట్టుకునే వీలుందా అని అడుగుతాను. చాలామంది ఆశ్చర్యపోతారు. బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుంది, ఒక్క ఛార్జింగ్‌తో ఎంత దూరం వెళ్తుంది అన్న సందేహాలతో వస్తారు వాళ్లు. అవీ ముఖ్యమైనవే. కానీ తెలిసినవాళ్ల కోసం కాగితం, కలం పట్టుకుని లెక్కలు వేసిన ప్రతిసారీ నాకు ఒకే విషయం కనిపించింది. ఒకే కారును ఒకే ధరకు కొన్న ఇద్దరిలో ఒకరికి డబ్బు మిగులుతుంది, మరొకరికి చేతి చమురు వదులుతుంది. ఆ తేడా అంతా వాళ్ల వాడకంలోనే ఉంటుంది.

అందుకే ఇక్కడ ఏ కారు గొప్పదో తేల్చబోవడం లేదు. మీ లెక్క మీరే వేసుకునే పద్ధతి చెప్పి, ఆ తర్వాత ఎవరికి ఏది సరిపోతుందో నా అభిప్రాయం చెబుతాను.

ముందుగా తేల్చుకోవలసినవి

నాలుగు విషయాలు తెలియకుండా ఈ నిర్ణయం తీసుకోవద్దు. ఇంట్లోనో, రోజూ కారు నిలిపే చోటో ఛార్జింగ్ పెట్టుకునే వీలుందా? ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? కారును ఎన్నేళ్లు ఉంచుకుంటారు? తిరిగేది ఎక్కువగా ఊళ్లోనా, హైవే మీదా?

రెండో ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు తప్పు. నోటికి వచ్చిన అంకె చెబుతారు, అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఇప్పుడు నడుపుతున్న కారు మీటరులో ఉన్న కిలోమీటర్లను కొన్న ఏళ్లతో భాగించండి, నిజం తెలుస్తుంది.

సర్వీసింగ్, బీమా, మళ్లీ అమ్మితే వచ్చే ధర, బ్యాటరీ ఆయుష్షు ఆ తర్వాత వస్తాయి. అవి లెక్కను అటో ఇటో జరుపుతాయి గానీ, సాధారణంగా తలకిందులు చేయవు.

అన్నిటినీ లీటర్లలో కొలవండి

కరెంటు ధర, పెట్రోలు ధర, కారు ధర దేశానికో రకంగా ఉంటాయి, ఏడాది తిరిగేసరికి మారతాయి కూడా. కాబట్టి డబ్బును పక్కన పెట్టి అన్నిటినీ పెట్రోలు లీటర్లలోకి మార్చడం నాకు తేలికనిపించింది. అందుకు ఒక్క అంకె తెలిస్తే చాలు: ఒక లీటరు పెట్రోలుకు పెట్టే డబ్బుతో ఎన్ని యూనిట్ల కరెంటు వస్తుంది? యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండేదే, ఒక కిలోవాట్ అవర్. ఈ అంకెను మార్పిడి సంఖ్య అనుకుందాం.

లీటరుకు 14 కిలోమీటర్లకు కాస్త పైన మైలేజీ ఇచ్చే పెట్రోలు కారుకు 100 కిలోమీటర్లకు 7 లీటర్లు కావాలి. అదే పరిమాణంలో ఉన్న విద్యుత్ కారుకు దాదాపు 16 యూనిట్లు చాలు. ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి మీటరులో 18 యూనిట్లు పడతాయని లెక్క వేయండి. పెట్రోలు కారుతో పోలిస్తే విద్యుత్ కారుకు మీరు అదనంగా పెట్టే డబ్బు 4,000 లీటర్ల పెట్రోలుకు సమానం అనుకుందాం. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే లెక్క ఇలా తేలుతుంది.

| లీటరు డబ్బుతో వచ్చే యూనిట్లు | 100 కి.మీ.కు విద్యుత్ కారు ఖర్చు, లీటర్లలో | 100 కి.మీ.కు మిగిలేది | అదనపు ధర తిరిగి రావడానికి పట్టే కాలం |
|---|---|---|---|
| 12 | 1.5 | 5.5 లీటర్లు | దాదాపు 5 ఏళ్లు |
| 8 | 2.25 | 4.75 లీటర్లు | ఐదున్నర ఏళ్లకు పైగా |
| 4 | 4.5 | 2.5 లీటర్లు | దాదాపు 11 ఏళ్లు |
| 2.5 | 7.2 | ఏమీ మిగలదు | ఎప్పటికీ రాదు |

మొదటి రెండు వరుసలు ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునేవారివి అనుకోండి. చివరి రెండూ బయటి ఫాస్ట్ ఛార్జర్ల మీదే ఆధారపడేవారివి. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ ధర ఇంటి కరెంటు కన్నా రెండు మూడు రెట్లు ఉండడం మామూలే. మార్పిడి సంఖ్య 2.6 కన్నా తగ్గిందంటే ఇంధనం ఖర్చులో విద్యుత్ కారుకు మిగులే లేదు. మీ అంకె ఎంతో కనుక్కోవడానికి ఒక కరెంటు బిల్లు, ఒక పెట్రోలు రసీదు చాలు.

దూరం తగ్గినా అంతే. మొదటి వరుసలోని మనిషి ఏడాదికి 6,000 కిలోమీటర్లే తిరిగితే అదనపు ధర తిరిగి రావడానికి 12 ఏళ్లు పడుతుంది. అంత కాలం కారు ఉంచుకునేవారు తక్కువ. 25,000 కిలోమీటర్లు తిరిగేవారికి మూడేళ్లలోపే వచ్చేస్తుంది. తక్కువ తిరిగేవాళ్లు ఆదా కోసమని విద్యుత్ కారు కొనడం నాకు బాధ కలిగించే పొరపాటు. వాళ్లకు మంచి కారు దొరుకుతుంది గానీ వాళ్లు ఆశించిన ఆదా మాత్రం దొరకదు.

ఇంత తేడా ఎందుకు వస్తుంది?

ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే 100 కిలోమీటర్లకు పెట్రోలు కారు 60 యూనిట్లకు పైగా శక్తి వాడుకుంటే, విద్యుత్ కారు 18 యూనిట్లతో అదే పని చేస్తోంది. మిగతాదంతా ఎక్కడికి పోయింది? ఒక గంట నడిపి ఆపిన పెట్రోలు కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. రేడియేటర్ ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంటుంది, సైలెన్సర్ దగ్గర టిక్కుటిక్కుమని లోహం చల్లారుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ వేడి అంతా మీరు బంకులో కట్టిన డబ్బే. పెట్రోలు ఇంజిన్ తాగిన ఇంధనంలో చక్రాల దాకా చేరేది మూడో వంతు కన్నా తక్కువ. విద్యుత్ మోటారు విషయంలో నాలుగింట మూడొంతులకు పైగా చేరుతుంది.

దీనికి తోడు, విద్యుత్ కారులో యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. పెద్ద ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు తెర మీద ఛార్జింగ్ శాతం తగ్గడం ఆగి, ఒకటి రెండు అంకెలు పెరగడం నేను మొదటిసారి చూసినప్పుడు పక్కన కూర్చున్నవారిని పిలిచి మరీ చూపించాను.

ఇక్కడే చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. పెట్రోలు కారు ట్రాఫిక్‌లో ఎక్కువ తాగుతుంది, హైవే మీద నిలకడగా వెళ్తే తక్కువ తాగుతుంది. విద్యుత్ కారుది దీనికి తలకిందులు. ఊళ్లో ఆగుతూ సాగుతూ పోతే ఆదా చేస్తుంది, హైవే వేగంలో గాలిని చీల్చుకుంటూ పోవడానికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఊళ్లో 9 లీటర్లకు 16 యూనిట్లు పోటీ అనుకుంటే, హైవే మీద 6 లీటర్లకు 22 యూనిట్లు పోటీ. పైగా హైవే మీద ఛార్జింగ్ కూడా ఖరీదైన చోటే. అంటే నెలకు నాలుగుసార్లు దూరప్రయాణం చేస్తూ ఊళ్లో పెద్దగా తిరగనివారికి పై పట్టిక చూపించినంత మిగలదు. రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లి వచ్చేవారికి అంతకన్నా ఎక్కువే మిగులుతుంది.

కొనే ధర

విద్యుత్ కారు ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. బ్యాటరీల ధరలు 2010తో పోలిస్తే 2024 నాటికి దాదాపు పదో వంతుకు పడిపోయాయి. అందుకే చిన్న బ్యాటరీ ఉన్న కార్లలో పెట్రోలు కారుతో ధర తేడా బాగా తగ్గింది. పెద్ద బ్యాటరీ ఉన్నవాటిలో ఇంకా ఉంది.

దీని నుంచి తేలే సలహా సూటిగా చెబుతాను. ఏడాదికి రెండుసార్లు చేసే దూరప్రయాణం కోసం పెద్ద బ్యాటరీ కొనకండి. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే మనిషి 500 కిలోమీటర్ల బ్యాటరీ కొంటే, ఏడాదంతా వాడని బరువును మోస్తూ దాని మీద వడ్డీ కడుతున్నట్టే. ప్రభుత్వ రాయితీ, పన్ను మినహాయింపు ఏవైనా ఉంటే అవి ధర తేడాలోంచి తీసేసి లెక్క వేయండి. ఇంట్లో ఛార్జర్ బిగించడానికి అయ్యే ఖర్చును మాత్రం కలపడం మరచిపోవద్దు.

సర్వీసింగ్, బీమా, టైర్లు

పెట్రోలు కారులో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, బెల్టులు, క్లచ్, సైలెన్సర్ అన్నీ ఏదో ఒక రోజు మార్చాల్సినవే. విద్యుత్ కారులో ఇవేవీ ఉండవు. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు కూడా చాలాకాలం వస్తాయి. బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఏసీ ఫిల్టర్, చిన్న 12 వోల్టుల బ్యాటరీ మాత్రం దీనికీ తప్పవు.

అయితే టైర్లు త్వరగా అరుగుతాయి. బ్యాటరీ బరువు ఒక కారణం, కదిలీ కదలగానే మోటారు పూర్తి బలం చూపించడం మరో కారణం. బీమా కూడా చాలాచోట్ల ఎక్కువే, బ్యాటరీకి దెబ్బ తగిలితే మరమ్మతు ఖర్చు భారీగా ఉంటుంది మరి. మొత్తం మీద సర్వీసింగ్‌లో మిగిలిన దానిలో కొంత భాగాన్ని ఈ రెండూ తినేస్తాయి. కొనే ముందే రెండు కార్లకూ బీమా ధర అడిగి రాసుకోండి.

బ్యాటరీ భయం

అందరినీ వెనక్కి లాగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం. లిథియం అయాన్ బ్యాటరీ ఫోన్లలో రెండు మూడేళ్లకే నీరసపడుతుంది, కారులోనూ అంతేనేమో అన్నది చాలామంది అనుమానం. ఫోను రోజూ దాదాపు పూర్తిగా ఖాళీ అయి పూర్తిగా నిండుతుంది, జేబులో వేడెక్కుతుంది. కారు బ్యాటరీకి చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది, రోజూ అందులో కొద్ది భాగమే వాడతాం. ఒక్క ఛార్జింగ్‌తో 300 కిలోమీటర్లు ఇచ్చే బ్యాటరీ 1,000 పూర్తి విడతలు (పూర్తిగా నిండి ఖాళీ అవడం ఒక విడత) తట్టుకుంటే 3 లక్షల కిలోమీటర్లు తిరిగినట్టు. చాలా కార్లు అంత దూరం తిరగవు.

చల్లబరిచే ఏర్పాటు ఎందుకు ముఖ్యమో తొలి తరం నిస్సాన్ లీఫ్ నేర్పింది. 2010 చివర్లో వచ్చిన ఆ కారు బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే వ్యవస్థ లేదు. వేడి ప్రాంతాల్లో దాని బ్యాటరీలు త్వరగా బలహీనపడ్డాయి. ఎండలు మండే చోట ఉండేవారు కొనబోయే కారులో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందో లేదో తప్పక అడగాలి.

రెండో ప్రశ్న బ్యాటరీ రకం గురించి. ప్రధానంగా రెండు రకాలున్నాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కాస్త బరువు ఎక్కువ, చలిలో కొంచెం మందకొడి. కానీ ఎక్కువ విడతలు తట్టుకుంటుంది, చవక కూడా. నికెల్ కలిసిన రకం తక్కువ బరువులో ఎక్కువ దూరం ఇస్తుంది. దాన్ని రోజువారీ వాడకంలో 80 శాతం దగ్గరే ఆపమని తయారీదారులు సలహా ఇస్తారు. ఎక్కువ ఏళ్లు ఉంచుకునేవారికి నా ఓటు మొదటి రకానికే.

సాధారణంగా బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తారు, సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితే బాగుచేయడమో మార్చడమో వాళ్ల బాధ్యత. ఆ షరతులు కాగితం మీద చదవండి, సేల్స్‌మన్ నోటి మాటతో సరిపెట్టుకోవద్దు.

చలి దేశాల్లో ఉండేవారి సమస్య వేరు. పెట్రోలు కారు వృథా వేడితోనే లోపలి మనుషులను వెచ్చగా ఉంచుతుంది, విద్యుత్ కారు అందుకు కూడా బ్యాటరీనే ఖర్చు చేయాలి. గడ్డకట్టే చలిలో వెళ్లగలిగే దూరం నాలుగో వంతో, అంతకు మించో తగ్గడం మామూలే. అయినా నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది పూర్తి విద్యుత్ కార్లే. చలి ఇబ్బందే గానీ, అడ్డుగోడ కాదని వాళ్లు నిరూపించారు.

మీ సమయం విలువ

పెట్రోలు పోయించుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఈ విషయంలో విద్యుత్ కారు ఇంకా వెనకబడే ఉంది, కాదనలేం. కానీ ఇంట్లో ఛార్జింగ్ ఉన్నవారికి ఈ పోలికే వర్తించదు. మామూలు ప్లగ్గు 2 కిలోవాట్లు ఇచ్చినా పది గంటల్లో 20 యూనిట్లు ఎక్కుతాయి, అంటే 100 కిలోమీటర్లకు పైగా. 7 కిలోవాట్ల గోడ ఛార్జర్ ఉంటే తెల్లారేసరికి మధ్యరకం బ్యాటరీ దాదాపు నిండుతుంది. ఏడాది పొడవునా వాళ్లు బంకు ముఖం చూడరు.

ఇంట్లో వీలు లేనివారి సంగతి నా కళ్లతో చూశాను. ఒక దూరప్రయాణంలో 12 శాతం దగ్గర ఒక ఛార్జింగ్ కేంద్రానికి చేరాం. రెండు ఛార్జర్లలో ఒకటి పనిచేయడం లేదు, రెండోదాని దగ్గర ఇంకో కారు ఉంది. మా వంతు వచ్చాక 80 శాతం దాకా అంకె చకచకా ఎక్కింది, ఆ తర్వాత నత్తనడక మొదలైంది. బ్యాటరీ నిండే కొద్దీ లోపలికి వెళ్లే కరెంటును తగ్గించుకుంటుంది, అది దాని స్వభావం. వెనక ఇద్దరు ఎదురుచూస్తున్నారు. 83 దగ్గర తీసేసి బయలుదేరాం. ఒకసారికి ఇది కథగా చెప్పుకోవచ్చు. వారానికి రెండుసార్లు ఇదే పని అయితే ఏ ఆదా కూడా ఆ విసుగుకు సరిపోదు.

మళ్లీ అమ్మితే

విద్యుత్ కార్ల ధర తొలి మూడు నాలుగేళ్లలో పెట్రోలు కార్ల కన్నా వేగంగా పడుతోంది. కొత్త మోడళ్లు ఎక్కువ దూరం వెళ్లేవిగా, చవకగా వస్తుండడం, బ్యాటరీ మీద అనుమానం, ఈ రెండూ కారణాలే. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవారు దీన్ని మొదటి లెక్కగా పెట్టుకోవాలి. పదేళ్లు ఉంచుకునేవారికి ఇది చిన్న విషయం.

పొగ సంగతి

లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, 7 లీటర్లకు 16 కిలోలు. పూర్తిగా బొగ్గుతో తయారైన కరెంటు యూనిట్‌కు దాదాపు ఒక కిలో చొప్పున వెలువరిస్తుంది. అంటే 18 యూనిట్లకు లెక్క ఇంచుమించు సమానమే. జలవిద్యుత్తు, గాలి, సూర్యరశ్మి, అణువిద్యుత్తు వాటా పెరిగే కొద్దీ విద్యుత్ కారుదే పైచేయి. బ్యాటరీ తయారీలో వెలువడే అదనపు కాలుష్యం తీరడానికి కొన్ని వేల కిలోమీటర్ల నుంచి కొన్ని పదుల వేల కిలోమీటర్ల దాకా తిరగాలి. మీ వీధిలో పీల్చే గాలికి మాత్రం తొలిరోజు నుంచే మేలు.

మూడో దారి: హైబ్రిడ్

ఇది చెప్పకపోతే ఈ పోలిక అన్యాయమవుతుంది. పెట్రోలు ఇంజిన్, విద్యుత్ మోటారు రెండూ ఉండే కారే హైబ్రిడ్. 1997లో టయోటా ప్రియస్‌తో జనంలోకి వచ్చిన మామూలు హైబ్రిడ్‌కు ప్లగ్గు అక్కర్లేదు. 100 కిలోమీటర్లకు నాలుగున్నర లీటర్ల దాకా తీసుకునే హైబ్రిడ్, 7 లీటర్ల కారుతో పోలిస్తే రెండున్నర లీటర్లు మిగులుస్తుంది. పై పట్టికలో మూడో వరుస చూడండి. ఫాస్ట్ ఛార్జర్ల మీద ఆధారపడిన విద్యుత్ కారు మిగిల్చేదీ అంతే. సాధారణంగా తక్కువ అదనపు ధరకు, ఎదురుచూపులు లేకుండా అదే ఆదా వస్తున్నప్పుడు అపార్ట్‌మెంట్‌లో ప్లగ్గు దొరకనివారు హైబ్రిడ్ వైపు చూడడం తెలివైన పని. ప్లగ్గుతో ఛార్జ్ చేసే హైబ్రిడ్‌ను మాత్రం రోజూ ఛార్జ్ చేసే ఓపిక ఉంటేనే కొనండి. లేకపోతే అది బరువెక్కిన పెట్రోలు కారే.

ఎవరికి ఏది

ఇంట్లో ప్లగ్గు ఉండి, ఏడాదికి 15,000 కిలోమీటర్లకు పైగా ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతూ, కారును ఆరేడేళ్లు ఉంచుకునేవారు ఇక తటపటాయించనక్కర్లేదు. విద్యుత్ కారు కొనండి, అవసరానికి సరిపడే చిన్న బ్యాటరీతో. ట్యాక్సీ నడిపేవారికి, సరుకులు చేరవేసేవారికి ఈ లాభం ఇంకా త్వరగా కనిపిస్తుంది, నిలిపే చోట ఛార్జింగ్ ఉంటే.

ఇంట్లో రెండు కార్లున్నవారి పని అన్నిటికన్నా సులువు. రోజువారీ తిరుగుడుకు విద్యుత్ కారు, ఊళ్లు తిరగడానికి పాత పెట్రోలు కారు.

ఏడాదికి 7,000 కిలోమీటర్లలోపు తిరిగేవారికి, తరచూ ఛార్జింగ్ కేంద్రాలు లేని దారుల్లో పోయేవారికి పెట్రోలు కారే చవక. ఉన్న పెట్రోలు కారు బాగా నడుస్తుంటే దాన్ని అమ్మి కొత్తది కొనడం కన్నా దాన్నే ఉంచుకోవడం ఇంకా చవక.

తక్కువ తిరిగినా విద్యుత్ కారే నచ్చిందా? చప్పుడు లేకుండా సాగే నడక, గేర్లు మార్చే పని లేకపోవడం, వీధిలో పొగ వదలకపోవడం, ఇవన్నీ డబ్బు పెట్టదగిన కారణాలే. అవి మీకు విలువైనవైతే నిస్సంకోచంగా కొనండి. ఆ అదనపు డబ్బు పెట్టేది వాటి కోసమేనని తెలిసి కొనండి, అంతే.

చేతిలో డబ్బు తక్కువగా ఉండి ఇంట్లో ప్లగ్గు ఉన్నవారికి మూడు నాలుగేళ్ల వాడిన విద్యుత్ కారు మంచి బేరం. ధరలో పెద్ద పతనాన్ని మొదటి యజమాని భరించేశాడు, బ్యాటరీ వారంటీ ఇంకా సగం మిగిలి ఉంటుంది. సర్వీస్ కేంద్రంలో బ్యాటరీ ఆరోగ్య నివేదిక తీయించి, వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత కారును 100 కిలోమీటర్లు నడిపి, ఎంత శాతం తగ్గిందో మీరే రాసుకోండి. కొత్తగా ఉన్నప్పుడు 300 కిలోమీటర్లు వెళ్లిన కారు అలాంటి వాతావరణంలో, అలాంటి రోడ్డు మీదే 45 శాతం ఖర్చు చేసిందంటే బేరం అక్కడితో ఆపేయండి.